ముందు మూసుకునే కొళాయి

ఓడ ఉద్యోగం మానేసి ఇంటికొచ్చిన కొత్తలో, మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చినప్పుడు నా కుడిచెయ్యి నిద్రలోనే పైకి లేచేదట. గాల్లో దేన్నో పట్టుకుని నా వైపుకి లాక్కునేదట. కాసేపు అలాగే ఆగి, మళ్లీ మెల్లగా వెనక్కి నెట్టేదట. మా ఆవిడ చాలా రోజులు చూసి ఒకనాడు అడిగింది.

"ఏం లాగుతారండీ అలా? చేద తోడినట్టూ లేదు, తలుపు తీసినట్టూ లేదు."

నాకు తెలుసు అదేంటో. బీరు కొళాయి పిడి.

ప్రయాణికుల ఓడలో బారు వెనక పద్దెనిమిదేళ్లు నిలబడ్డాను. నేను తాగింది తక్కువ, పోసింది ఎక్కువ. గ్లాసుని పక్కకి వాల్చి, కొళాయి మూతి అంటీ అంటనట్టు దగ్గరపెట్టి, పిడి ఒక్కసారిగా పూర్తిగా లాగాలి. బెదురుతూ సగం లాగితే నురగ తప్ప ఏమీ రాదు. గ్లాసు ముప్పాతిక నిండాక నిటారుగా నిలబెడితే, పైన రెండు వేళ్ల మందాన నురగ వచ్చి కూర్చుంటుంది. బారు ఎదురుగా పెద్ద కిటికీ. ఓడ ఒరిగినప్పుడల్లా సముద్రం ఆ కిటికీలో సగం దాకా లేచి, మళ్లీ దిగేది. గ్లాసులో బీరు కూడా దానితోపాటే లేచి దిగేది. ఏది బయట నీరో, ఏది నా చేతిలోదో తెలియని క్షణాలు కొన్ని ఉండేవి. బాపట్లలో మా ఇంటి మంచం మీద కళ్లు మూసుకుంటే నాకు ఆ కిటికీయే కనపడేది.

అందుకే అన్నాను, "వెనక వసారాలో ఒక కొళాయి పెట్టుకుంటాను" అని.

మా ఆవిడ కూర తరుగుతోంది. కత్తిపీట మీంచి చెయ్యి తియ్యకుండానే చెప్పింది. "పెట్టుకోండి. నాకేం అడ్డం లేదు. కానీ అందులోంచి మందు రాకూడదు. ఇంట్లో పులిసిన వాసన రాకూడదు." ఇంకో ముక్క తరిగి మళ్లీ అంది, "మొదటిదానికంటే రెండోది ముఖ్యం."

ఆ రెండో షరతు ఎందుకో నాకు అప్పుడు పూర్తిగా తెలియదు. సగం తెలుసు. మా మామగారు కర్లపాలెం దగ్గర పల్లెలో నలభై ఏళ్లు తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. మోకాళ్లు మొరాయించాక మా ఇంటికి వచ్చేశారు. వెనక వసారాలోనే ఆయన నులకమంచం. మధ్యాహ్నం సముద్రం మీంచి గాలి తిరిగే వేళకి మంచం మీద లేచి కూర్చుని, ఎవరో పిలిచినట్టు తల పైకెత్తి చూసేవారు. పిలిచేదేమీ ఉండదు. గాలే.

బీరు పీపా మా ఊళ్లో ఇంటికి తెచ్చుకునే వస్తువు కాదు. ఆ పర్మిట్ల గొడవ జోలికే నేను పోలేదు. ఓడలో చంటిపిల్లల తల్లులకి పోసే, మందు లేని అల్లం బీరు ఒకటి ఉండేది. దాన్నే ఎంచుకున్నాను. అల్లం దంచి, తాటిబెల్లంతో మరగబెట్టి, గుడ్డలో వడకట్టి చల్లార్చి, నిమ్మరసం పిండి, స్టీలు పీపాలో పోసి, సోడా కొట్టేవాళ్లు వాడే గ్యాసు ఎక్కిస్తే అయిపోతుంది. పులియబెట్టే పనే లేదు. మా ఆవిడ రంగు కోసం దుగ్గిరాల నుంచి వచ్చిన పచ్చి పసుపుకొమ్ము ఒకటి చితక్కొట్టి వేసింది. పాత ఫ్రిజ్జులో పీపా పెట్టి, తలుపుకి కన్నం పొడిపించి, ఆ కన్నంలో కొళాయి బిగించాను.

కొళాయి ఎంచుకోవడంలోనే పొరపాటు చేశాను. పద్దెనిమిదేళ్లు పిడి లాగాను కానీ ఒక్కటీ కొన్నవాణ్ణి కాదు, కడిగినవాణ్ణి కాదు. ఓడలో కొళాయిలు విప్పి శుభ్రం చేసే మనిషి వేరే ఉండేవాడు. నేను డ్యూటీకి వచ్చేసరికి అన్నీ అద్దాల్లా ఉండేవి. ఫోనులో బొమ్మలు చూసి, నల్లటి పిడితో తళతళలాడుతున్నదాన్ని తెప్పించాను. ఇత్తడి మీద మెరుగు పూత. అది ఫ్రిజ్జు తలుపు మీద ఎంత అందంగా ఉండేదో చెప్పలేను. మొదటి గ్లాసు మామగారికే పోశాను. ఆయన గ్లాసు ఎత్తి వెలుతురుకి పట్టి చూశారు. నురగ చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. తర్వాత తాగారు.

"బాగుంది అల్లుడుగారూ. కాస్త ఇత్తడి కరుస్తోంది" అన్నారు.

పెద్దాయన నాలుక కదా, ఏదో అంటారులే అనుకున్నాను.

రెండు వారాలు స్వర్గంలో ఉన్నట్టే గడిచింది. రోజూ మూడున్నరకి వసారాలో ఎండ పలచబడేది. ఒక్కో గ్లాసు పోసుకుని ముగ్గురం కూర్చునేవాళ్లం. గ్లాసు బయట పట్టిన చెమట జారి మా మోకాళ్ల మీద పడుతుంటే కూడా తుడుచుకునేవాళ్లం కాదు. నిద్రలో నా చెయ్యి లేవడం మానేసింది.

ఆ తర్వాత రేపల్లెలో మా అక్కకి జ్వరం వస్తే, నేనూ మా ఆవిడా వెళ్లి పదిరోజులు ఉండిపోయాం. ఆ పదిరోజులూ మామగారి బంధువు ఒకాయన తోడున్నాడు. కొళాయిని ఎవరూ ముట్టుకోలేదు. తిరిగొచ్చిన సాయంత్రం గ్లాసు పట్టుకుని పిడి లాగాను. కదల్లేదు. గట్టిగా లాగాను. ఎండిన బెల్లంపాకం పగిలినట్టు 'టక్' మని చప్పుడైంది. మూతిలోంచి ముందు గాలి వచ్చింది. పుల్లటి గాలి.

మామగారు అటు తిరిగి పడుకుని ఉన్నారు. తల కూడా తిప్పలేదు.

"కుండ కడగలేదా అల్లుడుగారూ?" అన్నారు.

వంటింటి గుమ్మంలో మా ఆవిడ వచ్చి నిలబడింది. ఆ వాసన ఆమె దాకా వెళ్లిన క్షణం నాకు కనపడింది. లోపలికెళ్లి ఇంట్లో కిటికీలన్నీ ఒక్కొక్కటే తెరిచింది. గాలికి కేలండర్లు కొట్టుకున్నాయి.

చీకటి పడకముందే మేడ మీద బట్టలు తీస్తూ చెప్పింది. చిన్నప్పుడు బళ్లో పక్కన కూర్చున్న పిల్ల ముక్కుకి జడ అడ్డం పెట్టుకుని కూర్చునేదట. తన పుస్తకాలు, పరికిణీ, తల, అన్నీ కల్లు వాసనేనట. ఒక టీచరమ్మ ఈవిణ్ణి కిటికీ పక్కకి మార్చిందట, మంచిగానే, ఏమీ అనకుండానే. "తిట్టినా బాగుండేదండి" అంది. "నాన్నకి ఎప్పుడూ చెప్పలేదు. మీరూ చెప్పకండి."

మర్నాడు కొళాయి విప్పాను. మామగారు మంచం అంచు దాకా జరిగి కూర్చున్నారు. పిడి, లోపలి కడ్డీ, రెండు రబ్బరు రింగులు, మూతి, ఒక్కొక్కటీ పళ్లెంలో పెట్టాను. లోపల పూత పెచ్చులు లేచి ఇత్తడి బయటపడింది. అక్కడక్కడా చిలుం పట్టి పచ్చగా ఉంది. మూతిలో వేలు పెడితే జిగట.

ఆయన ఒట్టి మూతిని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. "దీని తలుపు ఎక్కడుంది?"

చూపించాను. పిడి నెట్టినప్పుడు కడ్డీ వెనక్కి పోయి, ఫ్రిజ్జు తలుపుకి ఆనుకుని ఉన్నచోట మూసుకుంటుంది.

"అదే మరి. తలుపు వెనకెక్కడో ఉంది. ముందంతా ఖాళీ. ఆ ఖాళీలో తడి ఉండిపోతుంది, గాలి ఆడుతుంది. నోరు తెరుచుకుని నిద్రపోయినవాడి నోరు తెల్లారేసరికి ఎలా ఉంటుంది? ఇదీ అంతే. ముందు మూసుకునేది ఉండదా?"

ఉంటుంది. ఓడలో ఉన్నవి అవే. మెరుపు చూసుకునేవాణ్ణే కానీ, తలుపు ఎక్కడ పడుతుందో నేనెప్పుడూ చూడలేదు.

ఇద్దరం తెనాలి బయల్దేరాం. ఆయన మోకాళ్లతో రైలెక్కడం కష్టమన్నాను, వినలేదు. పాత కొళాయిని తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నారు. నిడుబ్రోలు దాటాక పొలాల మీద మంచులాంటి పొగ ఇంకా విడలేదు. తాటిచెట్లు ఆ పొగలో కాళ్లు లేకుండా నిలబడ్డట్టున్నాయి. వాటినే చూస్తూ అన్నారు.

"మొన్న మేడ మీద అమ్మాయి మీతో ఏం చెప్పిందో నాకు వినపళ్లేదు. కానీ తెలుసు."

ఒళ్లో తువ్వాలు సర్దుకుని మళ్లీ అందుకున్నారు.

"మధ్యాహ్నం క్యారేజీ నేనే పట్టుకెళ్లేవాణ్ణి బడికి. చెట్టు దిగి, కాలవలో మునిగి, కుంకుడురసంతో రుద్దుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లేవాణ్ణి. ఒకరోజు నన్ను చూసి స్తంభం వెనక్కి జరిగింది. నన్ను చూసే జరిగింది. అప్పట్నుంచీ గేటు దగ్గర ఆయమ్మకిచ్చి వచ్చేసేవాణ్ణి." మళ్లీ తాటిచెట్ల వైపు తిరిగి, "చిన్నపిల్ల కదండీ. దాని తప్పేముంది?" అన్నారు. "మీరు దానికి చెప్పకండి."

ఇద్దరి మాటా నా దగ్గరే ఉండిపోయింది. రైలు ఊపుకి ఆయన తల మెల్లగా నా భుజం మీదికి వాలింది. తెనాలి వచ్చేదాకా కదలకుండా కూర్చున్నాను.

స్టేషనుకి కాస్త దూరంలో హోటలు సామాన్లూ, జ్యూసు బండ్ల సామాన్లూ అమ్మే కొట్టు ఒకటుంది. కొట్టాయన మూడు కొళాయిలు బల్ల మీద పెట్టాడు.

"ఏది కావాలి బాబాయ్? ఇది బాగా పోతుందండి, చూడ్డానికి బంగారంలా ఉంటుంది."

మామగారు దాన్ని ముట్టుకోలేదు. "కాసిని నీళ్లిప్పిస్తావా బాబూ?" అని అడిగారు.

చెంబుతో నీళ్లొచ్చాయి. ఆయన రెండో కొళాయి తీసుకుని, పిడి మూసి, మూతి కిందికి పెట్టి, వెనక కన్నంలోంచి నీళ్లు పోశారు. నీళ్లు లోపల నిండి మూతి దాకా వచ్చి ఆగిపోయాయి. చుక్క కారలేదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపి విన్నారు. ఆయన ముఖంలో ఏదో తేటపడింది.

"ఇది ముందు మూసుకుంటోంది అల్లుడుగారూ. ఎప్పుడూ నిండే ఉంటుంది. గాలికి చోటే లేదు."

"పూత కాదండి, మొత్తం స్టీలే. లోపలా బయటా ఒకటే" అన్నాడు కొట్టాయన. "ఇంకోటి చూడండి, దీనికి పక్కన చిన్న పుల్ల ఉంది. ధార ఎక్కువా తక్కువా చేసుకోవచ్చు."

నా చెయ్యి అటు పోయింది. ఓడలో పై అంతస్తు బారులో అలాంటిదే ఉండేది. మామగారు నా ముఖం చూశారు.

"పుల్ల ఒకటి ఎక్కువుంటే కడగాల్సింది ఒకటి ఎక్కువుంటుందండీ" అన్నారు మెల్లగా.

మాట విన్నాను. పాత కొళాయి తెచ్చుకున్నాం కాబట్టి మర సరిపోతుందో లేదో అక్కడే తిప్పి చూసుకున్నాం. సరిపోయింది. అదనంగా రబ్బరు రింగులు నాలుగు అడిగి తీసుకున్నాం. "రింగు గట్టిపడితే కారుతుందండి. కారేదాకా ఆగకుండా మార్చెయ్యండి" అని కొట్టాయనే చెప్పాడు.

అప్పట్నుంచీ పీపా ఖాళీ అయిన ప్రతిసారీ, కాకపోయినా రెండు వారాలకొకసారి, వసారాలో కడుగుడు పెట్టుకున్నాం. ముందు గోరువెచ్చని నీళ్లు గొట్టంలోంచి పంపాలి. తర్వాత కడిగే పొడి కలిపిన నీళ్లు పంపి, గొట్టంలో పావుగంట అలా ఉంచాలి. మళ్లీ మంచినీళ్లు, వేలికి జారుడు తగలనంత వరకూ. ఆ తర్వాత కొళాయి విప్పి ముక్కలు నానబెట్టి, సన్నటి బ్రష్షుతో మూతి లోపల తోమాలి. పానా పెట్టేటప్పుడు గుడ్డ చుట్టాలి, లేకపోతే స్టీలు మీద గాట్లు పడతాయి. గాటు పడ్డచోటే బెల్లం కూర్చుంటుంది. తినే సరుకుల యంత్రాలకి రాసే గ్రీజుని రింగులకి గోటి మీద పట్టేంత రాయాలి. ఎక్కువ రాస్తే నురగ చచ్చిపోతుంది. రోజూ ఆఖరి గ్లాసు అయ్యాక మూతి మీద వేడినీళ్లు పొయ్యాలి.

ఇవన్నీ నేను నేర్చుకున్నాను. మామగారికి నేర్పక్కర్లేదు. చెట్టు మీద కట్టే లొట్టిని, అంటే కల్లుకుండని, ఆయన నలభై ఏళ్లూ కడిగి, ఎండబెట్టి, లోపల సున్నం పూసి మళ్లీ కట్టినవారు. సున్నం మీద ఆయన నమ్మకం పోలేదు. ఒకసారి నేను బజారుకెళ్లినప్పుడు సున్నపుతేట గొట్టంలో పోసేశారు. ఆ వారం అల్లం బీరు గోడ నాకినట్టుంది. మూతిలో తెల్లగా గడ్డకట్టింది. దాన్ని నిమ్మరసంలో రాత్రంతా నానబెట్టాల్సి వచ్చింది. "మట్టికుండకి పనిచేసింది స్టీలుకి పనిచెయ్యదు కాబోలు" అని మూడు రోజులు చిన్నబుచ్చుకుని, నాలుగోరోజు తనే బ్రష్షు అందుకున్నారు.

మా ఆవిడది ఆఖరి పరీక్ష. మేం ముక్కలన్నీ తుడిచి పళ్లెంలో పెట్టాక వచ్చి, ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. బాగుంటే తల ఊపేది. లేకపోతే ఆ ముక్కని తిరిగి నీళ్లలో వేసి వెళ్లిపోయేది.

ఒక ఆదివారం వానపట్టుగా ఉంది. వసారాలో వెలుతురు బూడిదరంగులో, నీటి అడుగున ఉన్నట్టు ఉంది. మామగారు మోచేతుల దాకా బకెట్టులో పెట్టి మూతి తోముతున్నారు. మా ఆవిడ వచ్చి పిడి చూసింది, కడ్డీ చూసింది, రింగులు చూసింది. "మూతేది నాన్నా?" అని చెయ్యి చాపింది. ఆయన నీళ్లలోంచి చెయ్యి తీసి ఇవ్వబోయారు. ఆవిడ మూతిని కాకుండా ఆ చేతిని పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో ఆవిడకే తెలియదని తర్వాత చెప్పింది. పట్టుకుని, మిగతా ముక్కల్లాగే ముక్కు దగ్గర పెట్టుకుంది.

వాన మొదలైంది. రేకు మీద నాలుగైదు చినుకులు విడివిడిగా పడ్డాయి.

"ఏ వాసనా లేదు నాన్నా" అంది.

ఆయన నవ్వబోయారు. "అప్పుడూ ఇలాగే కడుక్కునేవాణ్ణి తల్లీ. పోయేది కాదు."

ఆ మాటతో ఆవిడకి అర్థమైపోయింది, ఆయనకి తెలుసని. ఇన్నేళ్లూ తెలుసని. ఆయన చేతిని అలాగే పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. "స్తంభం వెనక దాక్కున్నాను నాన్నా. నిన్ను చూసే దాక్కున్నాను."

"చూశాను."

"అడగలేదేం?"

"అడిగితే నువ్వు అబద్ధం చెప్పాల్సొచ్చేది."

నేను లేచి లోపలికి వెళ్లిపోయాను. వాళ్లిద్దరూ ఇంకేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. వాన చప్పుడులో ఏదీ వినపళ్లేదు. చాలాసేపటికి వచ్చి చూస్తే, మా ఆవిడ కొళాయి బిగిస్తోంది. ఆయన మంచం మీంచి, "ఇంకో చుట్టు, ఇంకో సగం చుట్టు, చాలు" అని చెబుతున్నారు.

ఆ వేసవిలో రేపల్లెలో మా అక్క మనవరాలికి అన్నప్రాశన పెట్టుకున్నారు. అల్లం బీరు మీరే తేవాలని అక్క పట్టుబట్టింది. పీపా, గ్యాసు, కొళాయి బిగించిన చెక్కపెట్టె ఆటోలో పెట్టుకుని కర్లపాలెం మీదుగా వెళ్లాం. మామగారి పల్లె దారి దగ్గరికి రాగానే ఆయన ఆటో ఆపమన్నారు. దిగలేదు. రోడ్డు వారగా ఉన్న తాటిచెట్లని కాసేపు చూసి, "ఆ మూడోది మంచి చెట్టు" అని, పోనిమ్మన్నారు.

అక్కావాళ్ల పందిట్లో మొదటి పది గ్లాసులూ నురగే. పిడి లాగితే తెల్లగా ఉబ్బి పొంగిపోతోంది. జనం నవ్వుతున్నారు. నాకు చెమటలు పట్టాయి. పీపా మంచులోనే ఉంది, గ్యాసు సరిగానే ఉంది. మామగారు వచ్చి కొళాయి మీద అరచెయ్యి ఆనించారు.

"ఎండకి కాలిపోతోంది. లోపల చల్లగా ఉంటే ఏం లాభం, గుమ్మం దగ్గర నిప్పుంటే?" అని, తన భుజం మీది తువ్వాలు మంచునీళ్లలో ముంచి కొళాయికి చుట్టారు. మూతి ఒక్కటీ బయటికి కనపడేట్టు ముడివేశారు. రెండు నిమిషాలు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

తర్వాత మా ఆవిడ ముందుకొచ్చింది. అంతవరకూ ఆమె పిడి లాగగా నేనెప్పుడూ చూడలేదు. గ్లాసు వాల్చింది, దగ్గరపెట్టింది, ఒక్కసారిగా లాగింది. పసుపుపచ్చటి ధార గ్లాసు గోడ మీంచి చప్పుడు లేకుండా జారింది. పైన రెండు వేళ్ల నురగ నిలబడింది. మొదటి గ్లాసు తీసుకెళ్లి పందిరి నీడలో కుర్చీలో కూర్చున్న వాళ్ల నాన్నకిచ్చింది. అక్కడున్న ఆడవాళ్లు ఎవరాయన అని అడిగారు.

"మా నాన్న" అంది. "నలభై ఏళ్లు కల్లు గీశారు. ఈ కొళాయి ఎంచింది ఆయనే."

ఆ మధ్యాహ్నం నాకు పనే లేకపోయింది. ఒక మూల కూర్చుని చూస్తుంటే కళ్లు మూతలు పడ్డాయి. పందిరి కొబ్బరాకుల సందుల్లోంచి వెలుగు కదులుతోంది. గ్లాసులు ఒక్కొక్కటే నిండుతున్నాయి.

ఇప్పుడు మా ఆవిడకి రెండో కొళాయి కావాలట. మజ్జిగకి. పాలతో పని అయితే రోజూ విప్పి కడగాలి, రెండు వారాలు ఆగదు అని చెప్పాను. కడుగుతానంటోంది. వచ్చే గురువారం తండ్రీకూతుళ్లిద్దరూ తెనాలి వెళ్తున్నారు, నీళ్లు పోసి చూసుకోవడానికి చెంబు కూడా ఇంటినుంచే పట్టుకెళ్తారట. నన్ను రమ్మనలేదు.